12 అడుగులు దాటిన సైప్రస్ కంచె, ఎంతవరకు కొట్టొచ్చు?

కొత్తతోట:

నమస్కారం అందరికీ. మేం ఈమధ్య మారిన ఇంటికి ఒక పక్క పొడవునా సైప్రస్ మొక్కల కంచె ఉంది. ముందున్నవాళ్లు నాటి అలా వదిలేసినట్టున్నారు, కొన్నేళ్లుగా కత్తెర పెట్టిన ఆనవాలే లేదు. ఇప్పుడది సుమారు 12 అడుగుల ఎత్తుంది, మందం 5 అడుగులకు తక్కువ ఉండదు, పక్కనున్న నడక దారి సగం దాని కిందికే పోయింది. పక్కింటివాళ్ల కూరగాయల మడుల మీద మధ్యాహ్నం దాటితే ఎండ పడటం లేదు. వాళ్లు గొడవేం పెట్టుకోలేదు, కాస్త తగ్గిస్తారా అని అడిగారంతే, నాకూ అది న్యాయంగానే అనిపించింది.

నా ఆలోచన ఏంటంటే ఎత్తు 7 అడుగులకు దించేసి, రెండు పక్కలా అడుగున్నర చొప్పున లోపలికి కొట్టించేయడం. మందారం, గోరింట కంచెల్ని మోకాళ్ల ఎత్తుకు కొట్టినా కొద్ది రోజులకే మళ్లీ గుబురుగా వస్తాయి కదా, ఇదీ అలాగే వస్తుందా? ఎందుకు అడుగుతున్నానంటే ఒక కొమ్మ పక్కకు తీసి లోపలికి చూస్తే అంతా గోధుమరంగు పుల్లలే, ఆకన్నది లేదు. లోపలంతా చచ్చిపోయిందేమోనని టెన్షన్ పట్టుకుంది. ఒకేసారి కొట్టేయొచ్చా, విడతలుగా చేయాలా, ఏ కాలంలో చేయాలి, కొట్టాక పైభాగం మొండిగా మిగిలిపోతుందా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

వేపనీడ:

కొట్టకముందే అడిగారు, మంచిపని చేశారు. పక్కల్ని మాత్రం అడుగున్నర లోపలికి కొట్టించకండి. అలా చేస్తే ఆ వైపు మళ్లీ పచ్చబడదు, ఎన్నేళ్లు ఎదురుచూసినా సరే.

కారణం చెప్తాను. మందారం, గోరింట లాంటి మొక్కల్లో బెరడు కింద నిద్రపోతున్న మొగ్గలు చాలా ఉంటాయి, పైన కొట్టగానే అవి మేల్కొని చిగురిస్తాయి. సైప్రస్, జూనిపర్ లాంటి వాటిలో కొమ్మ ముదిరి ఆకు రాలిపోయేసరికి అలాంటి మొగ్గలు దాదాపు మిగలవు. మీరు చూసిన గోధుమరంగు పుల్లలు చచ్చిపోయినవి కావు, బయటి పచ్చదనానికి నీళ్లు వాటి గుండానే అందుతున్నాయి. ఎండ తగలక ఆకు రాలింది, అంతే, ఆరోగ్యంగా ఉన్న కంచె లోపల కూడా అలాగే ఉంటుంది. గోరుతో గీకితే బెరడు కింద పచ్చగా కనిపిస్తుంది కూడా. అది చూసి చాలామంది ఇంకా ప్రాణం ఉంది కదా, చిగురిస్తుందిలే అని కొట్టేస్తారు. ప్రాణం ఉండటం వేరు, మొగ్గ ఉండటం వేరు.

ఒక కొమ్మ పట్టుకుని బయటి నుంచి లోపలికి వేలు జరుపుకుంటూ వెళ్లి చూడండి. మొదట జానెడో మూరెడో పచ్చటి ఆకు, తర్వాత పచ్చా పసుపూ కలిసి పలచబడిన భాగం, ఇంకా లోపలికి పోతే పొట్టు లేస్తున్న ఉత్త పుల్ల. కత్తెర ఆ మొదటి భాగంలోనే ఆగాలి. కోసిన చోటుకు లోపలి వైపు ఇంకా కాస్త పచ్చటి ఆకు మిగిలితే చిగురు వస్తుంది, మిగలకపోతే రాదు.

ఎత్తు సంగతి మాత్రం వేరు, దానికి మీరు భయపడనక్కర్లేదు. కాండాన్ని పైన కోస్తే ఆ కోసిన మొండి మీద కొత్త తల రాదు, నిజమే. కానీ ఆ ఎత్తులో రెండు పక్కలా పచ్చటి కొమ్మలుంటాయి కదా, నడి కొమ్మ పోయాక అవి జోరందుకుని పైకి లేచి, లోపలికి వాలి మొండిని కప్పేస్తాయి. నడి కొమ్మ చివర తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ పక్క కొమ్మల్ని అణిచి ఉంచుతుంది, పత్తిలో తలలు తుంచితే పక్క కొమ్మలు బలంగా వచ్చేదీ అందుకే. అయితే ఒక విడతలో ఎత్తులో మూడో వంతు మించి తీయొద్దు. మీ 12 అడుగుల్లో 4 తీస్తే 8 మిగులుతుంది. అది కోలుకుని పైన పచ్చదనం పట్టాక తర్వాతి ఏడాది రెండో కోత వేయండి, అదీ 7 దగ్గర కాదు, ఆరున్నర దగ్గర. కావాల్సిన ఎత్తుకు అరడుగు కింద కోస్తే ఆ అరడుగులో లేత కొమ్మలు ఎదిగి పైభాగం దట్టంగా మూసుకుంటుంది. సరిగ్గా 7 దగ్గరే కోస్తే మీరు మొండి పుల్లలైనా చూస్తూ ఉండాలి, లేదా కంచెను 7 దాటనివ్వాలి.

ఇంతకీ అది ఏ సైప్రస్? ఆ పేరుతో చాలా మొక్కల్ని అమ్ముతారు. ఆకు, కాయ ఎలా ఉన్నాయో చూసి చెప్పగలరా? కాస్త ఆకు నలిపి వాసన కూడా చూడండి.

కొత్తతోట:

చాలా థాంక్సండీ, ఇంత వివరంగా చెప్పారు. చూసొచ్చాను. ఆకులు సూదుల్లా లేవు, సన్నటి పుల్లకు పొలుసులు అతుక్కున్నట్టు ఉన్నాయి. రెమ్మలు విసనకర్రలా పూర్తిగా చదునుగా కాకుండా అన్ని వైపులకూ కొంచెం చెదిరినట్టు ఉన్నాయి. కాయలు ఎక్కువ లేవు, దొరికినవి గుండ్రంగా, గట్టిగా, గోళీ కంటే కాస్త పెద్దగా ఉన్నాయి. వాసన జిగురు వాసనే, పండు వాసన ఏమీ లేదు. కొసల్లో ఈ ఏడాది వచ్చిన ఎదుగుదల పైభాగంలో రెండడుగుల పైనే ఉంది.

పక్కలు లోపలికి కొట్టకూడదంటే మరి దారి సంగతేంటి? 5 అడుగుల మందాన్ని ఎలా తగ్గించాలి?

వేపనీడ:

మీరు చెప్పినదాన్ని బట్టి అది లేలండ్ సైప్రస్. చూడటానికి ఇలాగే ఉండే థూజా అనే ఇంకో కంచె మొక్క అయితే రెమ్మలు బాగా చదునుగా ఉంటాయి, కాయలు చిన్నగా, కోలగా ఉంటాయి, కొన్ని రకాల ఆకు నలిపితే పండు వాసన వస్తుంది. లేలండ్ రెండు వేర్వేరు చెట్ల సంకరం. కాలిఫోర్నియా తీరంలో ఉండే మాంటెరీ సైప్రస్, ఇంకా ఉత్తరాన పెరిగే నూట్కా సైప్రస్ అడవిలో ఒకదానికొకటి ఎదురుపడవు, వేల్స్‌లోని లైటన్ హాల్ తోటలో పక్కపక్కనే ఉండటం వల్ల 1888లో ఈ సంకరం పుట్టింది. రెండింటి బలమూ దీనికి వచ్చింది. ఏడాదికి 2 నుంచి 3 అడుగులు అవలీలగా పెరుగుతుంది, కత్తెర పెట్టకుండా వదిలేస్తే 100 అడుగులు దాటిన చెట్లున్నాయి. కంచెగా దీన్ని నాటినవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇందుకే, మొదటి నాలుగైదేళ్లు ఎంత త్వరగా పెరిగిందో అని సంతోషం, ఆ తర్వాత చేతికి అందదు.

మందం గురించి నిజం చెప్పాలంటే, ఈ రకంలో మందాన్ని పెద్దగా వెనక్కి తేలేం. పచ్చటి పొర మూరెడు లోతుంటే అందులో బెత్తెడు దాకా తగ్గించుకోవచ్చు, రెండు పక్కలా కలిపితే అడుగు లోపే వస్తుంది. అంతకు మించి లోపలికి పోతే గోధుమరంగు గోడ మిగులుతుంది. అందుకే కొత్తగా కంచె నాటేవాళ్లు మొదటి ఏడాది నుంచే పక్కలు కత్తిరించాలి. ప్రతిసారీ కొంచెం పచ్చదనం వదలక తప్పదు కాబట్టి ఎంత జాగ్రత్తగా కత్తిరించినా కంచె ఏటా కాస్త మందమవుతూనే ఉంటుంది.

రంపపుపొట్టు:

చెట్లు కొట్టడం నా వృత్తి. వేపనీడ గారు చెప్పినదంతా సరైనదే కానీ మూడో వంతు లెక్కను కొలత బద్దలా పట్టుకోవద్దు. కోయబోయే ఎత్తులో పచ్చదనం ఉందా లేదా అన్నది ముందు చూడండి. నిచ్చెన వేసుకుని 8 అడుగుల దగ్గర, ఆరున్నర దగ్గర కొమ్మలు విడదీసి చూడండి. అక్కడ బయటి అంచున పచ్చటి పొర దట్టంగా ఉంటే కోతకు ఢోకా లేదు. ఆరున్నర దగ్గర కొమ్మలు ఎండి పలచగా ఉంటే మాత్రం రెండో కోత అక్కడ వేయకండి, 7న్నర దగ్గరే ఆగిపోయి ఎత్తు విషయంలో సర్దుకోండి. 12 అడుగుల కంచెను ఒకేసారి సగానికి నరికితే లేలండ్ బతకొచ్చు కానీ కోలుకోవడానికి చాలాకాలం పడుతుంది, కొన్ని మొక్కలు పోతాయి, మధ్యలో ఒక మొక్క పోతే ఆ సందులో మళ్లీ నాటినది పెద్ద వేళ్ల మధ్య ఎదగలేదు.

ఇంకోటి, పైన కోశాక చుట్టూ పచ్చగా ఉన్నా నడుమ మొండి కాండాలు కొన్నాళ్లు కనిపిస్తాయి. కింద నిలబడితే తెలియదు, మేడ మీది కిటికీలోంచి చూస్తే తెలుస్తుంది. మీ కంచె 5 అడుగుల మందం కాబట్టి మధ్య భాగం మూసుకోవడానికి రెండు మూడేళ్లు పట్టొచ్చు. ముందే తెలిసుంటే కంగారు పడరు.

కాలం: చలి తగ్గి కొత్త చిగుళ్లు మొదలవబోయే రోజులు పెద్ద కోతకు సరైనవి, ఎందుకంటే కోసిన వెంటనే ఎదిగే కాలమంతా ముందుంటుంది. చలి దేశాల్లో అది ఏప్రిల్ ప్రాంతం. మామూలు కత్తిరింపులు అక్కడి నుంచి ఆగస్టు దాకా రెండు మూడుసార్లు. శీతాకాలం ముందు కోస్తే వచ్చే లేత చిగుళ్లు చలికి మాడతాయి, కోసిన కొసలు వసంతం వరకు గోధుమరంగులోనే ఉండిపోతాయి. నేల ఎండి ఉన్నప్పుడు, మండే ఎండలో కూడా వద్దు. అప్పటిదాకా నీడలో ఉన్న లోపలి ఆకు ఒక్కసారిగా ఎండకు వచ్చి కమిలిపోతుంది. మబ్బు పట్టిన రోజు చూసుకోండి.

కోసే పద్ధతి: ఒక చివర నుంచి ఇంకో చివరకు రెండు గుంజలు పాతి పురికొస బిగించి కట్టండి, ఆ దారాన్ని చూస్తూ కోయండి, కంటి అంచనాతో పోతే మధ్యలో పల్లం వస్తుంది. బొటనవేలి లావు దాటిన కాండానికి హెడ్జ్ ట్రిమ్మర్ పెట్టకండి, అది కోయదు, నలిపి చీలుస్తుంది. దానికి చేతి రంపం. కాండాన్ని ఒకేసారి కింది దాకా కోయకుండా ముందు రెండు మూడడుగుల ముక్కలుగా పైనుంచి తీసుకుంటూ రావాలి. ప్రతి ముక్కకూ పడే వైపు కింద చిన్న గాటు పెట్టి, తర్వాత ఎదురు వైపు నుంచి కోస్తే బెరడు చీరుకుపోదు. ఆఖరి కోత ఒక బలమైన పక్క కొమ్మకు కాస్త పైన, కొంచెం ఏటవాలుగా.

నిచ్చెనను కంచె మీదికి ఆనించొద్దు. పచ్చగా గట్టిగా కనిపిస్తుంది కానీ లోపల ఆధారం ఏమీ ఉండదు, నిచ్చెనతో సహా లోపలికి పడిపోతారు. మూడు కాళ్ల నిచ్చెన గానీ, చదునైన పరంజా గానీ వాడండి. నిచ్చెన మీద నిలబడి చెయిన్ సా పట్టుకోవద్దు, కాండాలు చేతి మణికట్టు కంటే లావుంటే ఈ పని చేసేవాళ్లను పిలవండి. కళ్లద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి, ఈ చెట్ల జిగురు కొందరి చర్మానికి పడదు, దురద, దద్దుర్లు వస్తాయి.

అన్నిటికంటే ముందు కంచెలో గూళ్లున్నాయేమో చూడండి. దట్టమైన కంచెలంటే పిట్టలకు ఇష్టం, పెద్ద కోతకు అనువైన కాలమే వాటికి గుడ్లు పెట్టే కాలం కూడా. గూడు కనిపిస్తే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగడమే. చెట్టు ఎక్కడికీ పోదు.

ఎర్రపండు:

ఒక చిన్న సవరణ. సూదిమొన ఆకుల చెట్లన్నీ ముదురు కొమ్మ నుంచి చిగురించవు అని ఇది చదివినవాళ్లు అనుకునే ప్రమాదం ఉంది. యూ అనే చెట్టు చిగురిస్తుంది, అదీ అద్భుతంగా. దాని కంచె ఎంత మందంగా పెరిగినా ఒక ఏడాది ఒక పక్కను కాండం దాకా కొట్టేసి, అటు వైపు పచ్చబడ్డాక ఇంకో పక్కను కొడతారు. మొండి కాండం మీద చిన్న చిన్న పచ్చటి కుచ్చులు పొడుచుకొస్తాయి, చూడటానికి ఎంత బాగుంటుందో. ఏడాదికి ఒక్క కత్తిరింపు చాలు, వేసవి చివర్లో. పెరిగేది మెల్లగానే, బాగా పెరిగితే ఏడాదికి అడుగు, కానీ వందల ఏళ్ల నాటి కంచెలు ఇప్పటికీ గీత గీసినట్టు ఉన్నాయంటే కారణం ఈ గుణమే.

గుర్తుపట్టడం తేలిక. పొలుసులుండవు, మెత్తటి చదునైన ముదురాకుపచ్చ ఆకులు, ఆడ చెట్లకు ఎర్రటి మెత్తటి పండ్లు. ఆ ఎర్రటి గుజ్జు తప్ప చెట్టంతా విషమే, గింజతో సహా. కొట్టిన రెమ్మల్ని పశువులు తినేచోట ఎప్పుడూ వేయకండి, ఎండినా విషం పోదు, కొంచెం తిన్నా గుర్రాలు, ఆవులు చచ్చిపోతాయి.

థూజా ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. పడమటి ఎర్ర సెడార్ అనే థూజా ముదురు కొమ్మ మీద ఒక్కోసారి చిగురిస్తుంది. కానీ దాన్ని నమ్ముకుని కోయలేం.

సరుగుడుతోపు:

మధ్యలో వస్తున్నా, మన్నించండి. మా దగ్గర సరుగుడు మొక్కల్ని దగ్గర దగ్గరగా నాటి కంచెలా కత్తిరిస్తున్నాం. దాని ఆకులూ సూదుల్లానే ఉంటాయి, కాయలూ అలాంటివే. ఈ గోధుమరంగు పుల్లల రూలు దానికీ వర్తిస్తుందా?

వేపనీడ:

సరుగుడు చూడటానికి అలా ఉంటుంది కానీ ఆ జాతి కాదండీ, అది పూలు పూసే మొక్క. మనం ఆకులనుకునే ఆ పచ్చటి సూదులు నిజానికి సన్నటి రెమ్మలు. ఒకటి తీసుకుని అటూ ఇటూ లాగితే కణుపుల దగ్గర ఊడి వస్తుంది, ఆ కణుపు చుట్టూ భూతద్దంతో చూస్తే కనిపించే చిన్న పళ్లే అసలు ఆకులు. తరచుగా కత్తిరిస్తుంటే కంచెగా బాగా ఒదుగుతుంది. చిన్నప్పటి నుంచీ తలలు తుంచుతూ రండి, ముదరనిచ్చి తర్వాత మోటుగా నరకడం కంటే అదే మేలు.

కొత్తతోట:

మీరు చెప్పినట్టే ఎనిమిది అడుగుల దగ్గర, ఆరున్నర దగ్గర కొమ్మలు తీసి చూశాను. రెండు చోట్లా పచ్చగానే ఉంది, హమ్మయ్య. కాండాలు నా మణికట్టు కంటే లావున్నాయి కాబట్టి మనుషుల్నే పిలుస్తాను.

అయితే చూస్తుంటే ఇంకోటి కనిపించింది. గేటు వైపు, మోకాలి నుంచి నడుము ఎత్తు వరకు ఒక పెద్ద గోధుమరంగు మచ్చ ఉంది. బయటి ఆకే ఎండిపోయింది. లోపల కొమ్మల మీద నల్లటి మసిలా ఉంది, ముట్టుకుంటే వేళ్లకు జిగటగా అంటుకుంటోంది. ఇది వేరే చోట్లకు పాకుతుందా?

పురుగులవేట:

నల్లటి మసి, జిగట రెండూ ఉన్నాయంటే పేనుబంక. సైప్రస్ మీద వచ్చే పేనుబంక వేరే జాతి, గోధుమ బూడిద రంగులో, కొమ్మ రంగులో కలిసిపోయి ఉంటుంది, ఆకుల మీద కాకుండా లోపలి కొమ్మల మీద బారులు తీరి రసం పీలుస్తుంది. అది విసర్జించే తీపి జిగట మీద మసి తెగులు పట్టి నల్లబడుతుంది. చిక్కేంటంటే పురుగు వచ్చేది వసంతం చివర్లో, ఆకు ఎండటం బయటపడేది వేసవిలో, అప్పటికి పురుగు చాలావరకు వెళ్లిపోయి ఉంటుంది. మచ్చ చూసి మందు కొడితే ఉపయోగం తక్కువ. చిగురు కాలంలో కొమ్మలు విడదీసి లోపల చూస్తుండండి, అప్పుడు కనిపిస్తే సబ్బు నీళ్ల లాంటిది లోపలి కొమ్మలు తడిసేలా కొట్టాలి, పైపైన ఆకుల మీద కొడితే పురుగుకు తగలదు. కంచెను ముద్దలా దట్టంగా పెరగనిస్తే అక్షింతల పురుగుల లాంటివి లోపలికి పోలేవు, పేనుబంకకు అది కలిసొస్తుంది.

మచ్చ దగ్గర కొమ్మ మీద బెరడు లోపలికి కుంగి, పగిలి, జిగురు కారుతుంటే మాత్రం అది పేనుబంక కాదు, కాంకర్ తెగులు. దానికి మందు లేదు, ఆ కొమ్మను ఆరోగ్యంగా ఉన్న భాగం దాకా కోసి కాల్చేయాలి, ఒక్కో కోతకూ మధ్య రంపాన్ని స్పిరిట్‌తో తుడవాలి. గేటు దగ్గర అంటున్నారు కాబట్టి కుక్కలు అక్కడే కాలెత్తుతున్నాయేమో కూడా చూడండి. మోకాలి లోపు ఎత్తులో, ఒకే చోట వచ్చే మచ్చలకు చాలాసార్లు కారణం అదే, కానీ మీకు మసి ఉంది కాబట్టి పేనుబంకే ఎక్కువ అవకాశం.

ఎండిన చోట కొత్త చిగురు రాదు, ఎదురుచూడొద్దు. పూర్తిగా ఎండిన రెమ్మల్ని తీసేసి, పక్కనున్న పచ్చటి కొమ్మల్ని మెల్లగా వంచి ఆ ఖాళీ మీదికి అడ్డంగా పురికొసతో కట్టండి. మరీ బిగించకండి, కాండం లావెక్కాక తాడు కోసుకుపోతుంది, ఏడాదికోసారి విప్పి మళ్లీ కట్టాలి. రెండు మూడేళ్లలో మచ్చ మూసుకుపోతుంది.

మొదలంటా:

అందరూ దీన్ని కాపాడే దారే చెప్తున్నారు, నా అభిప్రాయం వేరు. ఎత్తు తగ్గుతుంది సరే, దారి మాత్రం తిరిగి రాదు, మందం 4 అడుగులకైనా తగ్గేలా లేదు. పైగా 7 అడుగుల దగ్గర ఆపాలంటే ఏటా రెండు మూడుసార్లు, ఎప్పటికీ కత్తిరించాలి. ఒక్క ఏడాది వదిలేస్తే మూడడుగులు పెరిగి కూర్చుంటుంది. ఈ మొక్క స్వభావమే పెద్ద చెట్టు, దాన్ని కంచెగా ఉంచడం అంటే ప్రతి ఏడాదీ దాని ఎదుగుదలతో కుస్తీ పట్టడమే. ఒకేసారి వేళ్లతో సహా తీయించేసి మెల్లగా పెరిగేది నాటుకుంటే మొదట్లో ఖాళీగా ఉన్నా తర్వాత ప్రశాంతంగా ఉంటారు. యూ నాటండి, లేదా స్మరాగ్డ్ అనే థూజా రకం నాటండి, అది ఏడాదికి అడుగు కూడా పెరగదు, దానంతట అదే సన్నగా నిలువుగా ఉంటుంది.

రంపపుపొట్టు:

మొదలంటా గారి మాటలో న్యాయం ఉంది, కొన్ని చోట్ల నేనూ అదే చెప్తాను. కంచె సగం ఎండిపోయి ఉంటే, లేదా గోడకు, డ్రైనేజీకి మరీ దగ్గరుంటే తీసేయడమే మంచిది. కానీ ఈ కంచె పచ్చగా ఉంది, ఒక్క మచ్చ తప్ప. అంత వరుసను ఒక్కసారిగా తీసేస్తే కొత్తది 6 అడుగులు ఎదిగేదాకా ఆరేడేళ్లు ఆ పక్క బట్టబయలే. పాత వేళ్లున్న నేలలో కొత్తవి కుదురుకోవడం కూడా అంత తేలిక కాదు. నేనైతే ముందు ఎత్తు తగ్గించి రెండేళ్లు చూస్తాను. తీసేయడం ఎప్పుడైనా చేయొచ్చు.

దారికి ఇంకో ఉపాయం ఉంది. దారి వైపు కింది కొమ్మల్ని మూడు నాలుగడుగుల ఎత్తు దాకా కాండం వరకు తీసేయొచ్చు. అక్కడ మళ్లీ చిగురించదు, అదే మనకు కావాల్సింది. కాళ్ల దగ్గర చోటు దొరుకుతుంది, పైన పచ్చగానే ఉంటుంది. అందం కాస్త తగ్గుతుంది, కాండాలు కనిపిస్తాయి. దారిని ఒక అడుగు అవతలికి జరపగలిగితే మాత్రం అదే ఉత్తమం, కింది కొమ్మ ఒకసారి పోతే పోయినట్టే.

కొత్తతోట:

ఇంట్లో మాట్లాడుకున్నాం. దారిని అవతలికి జరుపుతాం, అటు వైపు గడ్డే ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. పక్కింటివాళ్లకు కూడా చెప్పాను, ఈ ఏడాది 8 అడుగులు, వచ్చే ఏడాది ఆరున్నర అని. 8కి దిగితేనే మడుల మీద ఎండ వస్తుందన్నారు, సంతోషించారు.

చివరిగా రెండు ప్రశ్నలు. కొట్టాక నీళ్లు, ఎరువు ఏమైనా వేయాలా? పక్కలు కత్తిరించేటప్పుడు నిలువుగా గోడలా ఉండాలా?

వేపనీడ:

నిలువుగా వద్దు. అడుగున వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా, రెండు పక్కలూ కొంచెం లోపలికి వాలినట్టు ఉండాలి. 7 అడుగుల ఎత్తుకు ఒక్కో పక్క ఆరేడు అంగుళాలు లోపలికి వస్తే చాలు. పైభాగం వెడల్పుగా ఉంటే దాని నీడకు కింది ఆకు ఎండకు నోచుకోక రాలిపోతుంది, కింది నుంచి బోడి అవడం మొదలవుతుంది, బోడి అయినది ఇక నిండదు. మంచు కురిసే చోట్ల ఇలా వాలుగా ఉన్న కంచె మీద బరువు నిలవదు కూడా. మీ కంచె ఇప్పటికే మందంగా ఉంది కాబట్టి ఈ వాలు కోసం కిందిభాగం ముట్టుకోకుండా, పైనున్న పచ్చటి పొరలోంచే తగ్గించుకుంటూ రండి. ట్రిమ్మర్‌ను కింది నుంచి పైకి విసురుతూ పోతే కోసిన రెమ్మలు అడ్డుపడకుండా రాలిపోతాయి, ఎక్కడ లోతు ఎక్కువైందో కూడా వెంటనే కనిపిస్తుంది.

ఎరువు పెద్దగా అవసరం లేదు, దీనికి పెరగడం నేర్పక్కర్లేదు. చిగురు కాలంలో మొదళ్ల దగ్గర కాస్త మామూలు ఎరువు వేస్తే చాలు. నీళ్లు ముఖ్యం. ఈ కంచెల కింద వాన నీళ్లు కూడా సరిగా దిగవు, నేల ఎప్పుడూ పొడిగా ఉంటుంది. కోత వేసిన ఏడాది నీటి ఎద్దడి రాకుండా వారానికోసారి వేళ్ల దాకా దిగేలా పెట్టండి, పైపైన చల్లితే లాభం లేదు. కొట్టిన రెమ్మల్ని ముక్కలు చేయించి మొదళ్ల చుట్టూ రెండు మూడు అంగుళాల మందాన పరిచేయండి, కాండానికి ఆనకుండా. తేమ ఆగుతుంది. మచ్చ ఉన్న చోటి కొమ్మల్ని మాత్రం అందులో కలపకండి.

రెండో కోత వేసే ముందు పైభాగం ఒకసారి చూసుకోండి, 8 దగ్గర కొసలు పచ్చగా లేచి కనీసం జానెడు కొత్త రెమ్మ వచ్చి ఉండాలి. రాకపోతే ఇంకో ఏడాది ఆగండి.